ఏ పంట వేశాడో చెప్పరేం?

కథలో రైతు ఉంటాడు. ఏ పంట వేశాడో ఉండదు. అప్పు చేశాడని ఉంటుంది. ఎవరి దగ్గర చేశాడో, నూటికి రెండు రూపాయల వడ్డీనో మూడు రూపాయల వడ్డీనో ఉండదు. ఆకాశం వంక చూస్తాడు, తువ్వాలుతో కళ్లొత్తుకుంటాడు, మూడో పేజీ చివరికల్లా చచ్చిపోతాడు. ఇంకో కథలో ఆటో డ్రైవరు. బండి సొంతమా, రోజు కిరాయికి తెచ్చుకున్నాడా? తెలీదు. ఇంకో కథలో పనిమనిషి. ఎన్నిళ్లలో చేస్తుంది, పొద్దున్నే ముందు ఏ ఇంటికి వెళ్తుంది, ఏ ఇంటావిడ జీతం పదో తారీకు దాటిస్తుంది? ఏమీ తెలీదు. ఆవిడకో తాగుబోతు మొగుణ్ణిచ్చి, చిరిగిన చీర కట్టబెట్టి, రచయిత చేతులు దులుపుకుంటాడు.

నా ఉద్యోగమంతా విజయవాడలో పత్రికాఫీసుల్లో, కథల కట్టల మధ్యే గడిచింది. రిటైరయ్యాక కూడా పోటీల వాళ్లు న్యాయనిర్ణేతగా ఉండమని రాతప్రతులు పంపుతూనే ఉన్నారు. చదువుతుంటే కడుపు మండిపోతోంది. భాష బాగుంటుంది. ఎత్తుగడ బాగుంటుంది. మనిషి మాత్రం ఉండడు. తమలాంటి వాళ్ల గురించి రాసినప్పుడు చక్కగా రాసే పిల్లలే, తమది కాని బతుకు ఎత్తుకునేసరికి ఎందుకింత తేలిగ్గా తీసుకుంటున్నారు? మా రోజుల్లో ఇలా లేదు అంటే మీకు చిరాకు రావచ్చు. వచ్చినా సరే, అంటాను.

మా రోజుల్లో పాఠకుల ఉత్తరాలని ఒక భయం ఉండేది. ఒకసారి ఒక కథలో దసరా సెలవులకి ఊరెళ్లిన పిల్లల చేత మామిడికాయలు కోయించాడొక రచయిత. పత్రిక బజారులోకి వచ్చిన వారానికి పదిహేను పైసల కార్డులు దొంతరగా వచ్చి పడ్డాయి. నూజివీడు నుంచి ఒకాయన, మా తోటలో కూడా దసరాకి కాయలు కాసే ఉపాయం చెప్పించండి అని రాశాడు. ఆ రచయిత మళ్లీ జన్మలో నెలలు తప్పు రాయలేదు. తెలియంది రాస్తే నలుగుర్లో పరువు పోతుందన్న జంకు ఉండేది. ఆ జంకే మనిషిని లేపి, చెప్పులేసుకుని, అడగడానికి బయల్దేరదీసేది.

రావిశాస్త్రి గారిని చూడండి. విశాఖపట్నంలో ప్లీడరు. నల్లకోటేసుకున్న ఆయన బతుక్కీ, దొంగసారా అమ్ముకునే ఆడమనిషి బతుక్కీ ఎక్కడా పొంతన లేదు. కాకపోతే మద్యనిషేధం అమల్లో ఉన్న ఆ రోజుల్లో కేసుల్లో ఇరుక్కున్న బీదాబిక్కీ వచ్చి నిలబడేది ప్లీడర్ల ముందే. అందరు ప్లీడర్ల ముందూ నిలబడ్డారు. మిగతావాళ్లు ఫీజు సంగతి విన్నారు, ఆయన మనిషి చెప్పిందంతా విన్నాడు. 'ఆరు సారా కథలు'లో 'మాయ' అని ఒక కథ ఉంది. అందులో ముత్యాలమ్మ సారా కేసు ముద్దాయి. ఇవాళ్టి కథ అయితే ఆవిడ బోనులో నిలబడి ఏడ్చేది. రావిశాస్త్రి గారి ముత్యాలమ్మ ఏడవదు, తన కేసు పట్టిన కుర్ర ప్లీడరుతో మాట్లాడుతుంది. ఎవరికెంత ముట్టాలో, కోర్టులో సాక్ష్యాలు ఎట్లా పుడతాయో, తన వ్యాపారంలో ఎవరెవరు ఎట్లా బతుకుతున్నారో చెబుతుంది. ఆ కుర్ర ప్లీడరుకి చట్టం తెలుసు. చట్టం ఎలా నడుస్తుందో ఆవిడకి తెలుసు. ఆ లెక్కల వల్లే ఆవిడ మన కళ్ల ముందు నిలబడింది. జాలిపడి రాస్తే నిలబడేది కాదు.

నాకు తెలిసినంతలో ఈ విద్యకి కీలకం ఇదే. మనది కాని బతుకు రాసేటప్పుడు పాత్రకి ముందు బాధ ఇవ్వకండి. పని ఇవ్వండి. ఆ పనిలో మెలకువలు, దాని తాలూకు జమాఖర్చు, ఆ పని చేసే చోట పక్కవాళ్లతో ఆడే మాటలు ఇవ్వండి. బాధ దానంతటదే వస్తుంది, పిలవక్కర్లేదు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు వైదికుల ఇంట పుట్టి, సంస్కృతం చదువుకుని, ఇంగ్లీషు జోలికి పోని మనిషి. ఆయన 'అరికాళ్లకింద మంటలు' రాశారు. పుట్టింట్లో పడివున్న చిన్న వయసు వితంతువు కథ. ఆ పిల్ల గుండెల్లో దూరి ఆయన దుఃఖం వర్ణించలేదు. ఇంట్లో వాళ్లు ఆ పిల్లకి పురమాయించే పనులు వినిపించారు, అంతే. ఈ గదిలోంచి ఒకరు, ఆ వసారాలోంచి ఒకరు, ఒక పని ముగియకముందే ఇంకో కేక. చదువుతున్న మనకే ఊపిరాడదు. ఆ పిల్ల చివరికి, వితంతువులకి మళ్లీ పెళ్లిళ్లు చేయించే వీరేశలింగం గారి తోట దారి పట్టిందంటే, ఎందుకని ఎవరూ అడగరు. ఒక మగవాడు, అందులోనూ సనాతనమైన ఇంట్లో పెరిగినవాడు, వంటింటి పనుల వరస అంత ఎరుకతో రాశాడంటే, ఆయన ఎన్నేళ్లు ఎంతమంది ఆడవాళ్ల మాటలు చెవులప్పగించి విని ఉంటాడు!

గురజాడ వారి సంగతి మరీ పెద్దది. 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. విజయనగరం ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో పిల్లకి డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క తీయిస్తే మూడేళ్లలో 1034 తేలాయని గురజాడ తన ముందుమాటలోనే రాశారు. నాటకం వెనక అంత లెక్క ఉంది. అయినా ఆయనకి తృప్తి తీరలేదు. నాటకాన్ని తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేశారు. ఇవాళ మనం తలచుకునే మధురవాణి ఆ రెండో కూర్పులోనే అంతగా ఎదిగింది. ఒక వేశ్యని అంత తెలివిగా, అంత చమత్కారంగా, ఎవరి దయా అక్కర్లేని మనిషిగా నిలపడానికి గురజాడ అంతటివాడికి పన్నెండేళ్లు పట్టింది. ఇవాళ పన్నెండు రోజులు కథని సొరుగులో ఉంచమంటే, పోటీ గడువు దాటిపోతుందండీ అంటున్నారు.

అందరికంటే నేను ఎక్కువగా తలచుకునేది డాక్టర్ కేశవరెడ్డి గారిని. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టారు. వైద్యం చదివి నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేశారు. 'అతడు అడవిని జయించాడు' అని చిన్న నవల. పందులు కాచుకునే ఒక ముసలివాడు. సూడిపంది ఒకటి మందతో ఇంటికి రాలేదు. దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. ఒక్క రాత్రి కథ. ఆ ముసలివాడికి రచయిత పేరు కూడా పెట్టలేదు.

ఆ పుస్తకంలో నన్ను పట్టేసింది ఏమిటో చెప్తాను. ఆ ముసలివాడు అడవిని చూసి కవిత్వం చెప్పడు, తన కులాన్ని తలచుకుని కుమిలిపోడు. వాడి ధ్యాసంతా పందిమీదే. ఈనిన పంది దగ్గరికి ఎవర్నీ రానివ్వదు, పెంచినవాణ్ణయినా సరే చీరేస్తుంది; ఆ సంగతి వాడికి తెలుసు. పిల్లల వాసన పట్టి నక్కలొస్తాయి, అదీ తెలుసు. అటు పందికి దూరంగా ఉండాలి, ఇటు పందిపిల్లల్ని కాపాడాలి. ఈ రెంటి మధ్యా వాడు తెల్లవార్లూ పడే అవస్థే నవల. చదివినంతసేపూ వాడు తక్కువ కులంవాడు, బీదవాడు అని మనకి తోచదు. మన చేతగానితనం తోస్తుంది. మనల్ని ఆ రాత్రి అక్కడ వదిలేస్తే గంటలో చచ్చిపోతామని తోస్తుంది. గౌరవం అంటే అది. కేశవరెడ్డి గారు ఆ ముసలివాణ్ణి పొగడలేదు, వాడి పనితనం చూపించారు.

వాసిరెడ్డి సీతాదేవి గారి 'మట్టిమనిషి'లో సాంబయ్య కూడా అంతే. చదువుకున్న ఆడమనిషి, భూమి పిచ్చి పట్టిన మొరటు మగవాణ్ణి రాసింది. వాడిలో మంచీ ఉంది, కసాయితనమూ ఉంది. కొడుకు కంటే గట్టు మీద ఎక్కువ ప్రాణం. ఆవిడ వాణ్ణి దిద్దబోలేదు.

ఇంత చెప్పినంతమాత్రాన మా రోజులన్నీ బంగారం అనను. ఇందాక చెప్పిన పోస్టుకార్డుల సంగతే చూడండి. మామిడికాయ తప్పు రాస్తే కార్డులొచ్చేవి. పాకీపని చేసే మనిషి గురించి తప్పు రాస్తే ఒక్క కార్డూ వచ్చేది కాదు. ఆ ఇంట్లో పత్రిక కొనేవాళ్లు లేరు, కొన్నా ఉత్తరం రాసే తీరిక లేదు. దాంతో ఆ మనుషుల గురించి ఏది రాసినా చెల్లిపోయింది. వారపత్రికల సీరియళ్లలో నౌకరుకి పేరుండేది, ఊరుండేది కాదు. కాఫీ తెచ్చేవాడు, అయ్యగారి కోసం ప్రాణమిచ్చేవాడు. సినిమాల్లో తెలంగాణ మాట మాట్లాడేవాడు రౌడీ అన్నా కావాలి, నవ్వించేవాడన్నా కావాలి. శ్రీకాకుళం యాస ఎప్పుడూ పనిమనిషి నోట్లోనే.

పెద్ద పుస్తకాల్లో కూడా వెలితి ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు బారిస్టరు. జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాశారు. 1922లో వచ్చిన ఆ నవలని తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. అంత ధైర్యం చేసిన మనిషి. అయినా ఆ నవలలో రామదాసు అంత వేదాంతి, అంత శాంతమూర్తి ఎందుకయ్యాడు అని తరవాతి దళిత విమర్శకులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మాలవాడు మంచివాడని పై కులాల పాఠకుల చేత ఒప్పించాలన్న ఆరాటంలో, వాడికి కోపమొచ్చే హక్కు తగ్గిపోయింది. నా దృష్టిలో రామదాసు కంటే ఆ ఇంట్లోంచి తిరుగుబాటుదారుడై లేచిన వెంకటదాసే ఎక్కువ మనిషి.

ఆ వెలితి పూడ్చడానికి ఎవరి గురించి రాశామో వాళ్లే కలం పట్టుకున్నారు. 1993లో 'నీలిమేఘాలు'లో ఆడవాళ్లు, 1995లో 'చిక్కనవుతున్న పాట'లో దళితులు, 1998లో 'జల్జలా'లో ముస్లింలు. ఆ సంకలనాలు వచ్చినప్పుడు మా తరంలో చాలామంది ముఖాలు మాడ్చుకున్నారు. నేను మాత్రం అది తెలుగు సాహిత్యానికి జరిగిన పెద్ద మేలనే అంటాను. కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి' చదివినవాడు, గోగు శ్యామల గారి కథలు చదివినవాడు, ఆ తరవాత దళితవాడ గురించి చేతికొచ్చినట్టు రాయలేడు. రాయకూడదు.

ఇప్పుడు జరుగుతున్నది ఇంకోలా ఉంది. చదివి, సిగ్గుపడి, నేర్చుకుని బాగా రాయాల్సింది పోయి, రెండు దార్లు పట్టారు. కొందరు అసలు మానేశారు. ఆ మధ్య ఒక కుర్రాడు, మంచి కలం ఉన్నవాడు, నాతో అన్నాడు: "ఎందుకండీ బాబూ, ఆ కులం వాణ్ణి కాకుండా ఆ కులం పాత్ర రాస్తే ఫేస్‌బుక్కులో ఏకిపారేస్తారు. నా అపార్ట్‌మెంటు, నా ఆఫీసు రాసుకుంటాను, గొడవ లేదు." వాడి నవలలో వాచ్‌మన్ లేడు. లిఫ్టు ఉంది, వాచ్‌మన్ లేడు. వాళ్ల అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ కుటుంబం కింద మెట్ల పక్క గదిలోనే ఉంటుంది, నేను చూశాను. ఏకిపారేస్తారని ఒక మనిషిని పుస్తకంలోంచే తీసేస్తే, అది గౌరవం ఎట్లా అవుతుంది? తప్పు రాస్తే తిడతారు. తిట్టాలి. మా రోజుల్లో రాని పోస్టుకార్డులే ఇప్పుడు ఫేస్‌బుక్కులో వస్తున్నాయి. వాటికి జడిసి పారిపోకుండా, చదివి రెండో కూర్పు బాగుచేసుకోవాలి.

రెండో రకం వాళ్లు సినిమా చూసి రాస్తారు. వీళ్లతోనే నాకు పెద్ద తగాదా. వీళ్ల కథల్లో ముస్లిం పాత్ర రాగానే నోరు తెరిస్తే "అరే భాయ్", "నై సాబ్". వచ్చీరాని తెలుగు. దూదేకుల వాళ్లు, అదే నూర్‌బాషాలు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే అని వీళ్లకి ఎవరూ చెప్పలేదా? పొలం పనికి పోయి, కోడికూర వండుకుని, తెలుగులో పోట్లాడుకునే తురక ఇళ్లు మన పల్లెల్లో ఎన్ని లేవు! నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' పాతికేళ్ల నాడే మన చేతికిచ్చాడు. అందులో తల్లి పిల్లల్ని తిట్టే తిట్లు, పండక్కి బట్టల కోసం పడే తంటాలు చదివితే చాలు. అవి చదవరు. సినిమాలో మూలన కూర్చుని సుర్మా పెట్టుకున్న ముసలాయన ఉంటాడు కదా, ఆయన్నే తెచ్చి కథలో కూర్చోబెడతారు.

యాస సంగతి మరీ ఘోరం. 'చ' ఉన్నచోటల్లా 'స' పెట్టేసి, 'ళ' ఉన్నచోటల్లా 'ల' పెట్టేస్తే పల్లెటూరి మనిషి తయారైపోయాడనుకుంటారు. ఒకే పేరాలో శ్రీకాకుళం, గుంటూరు, కరీంనగర్ మూడూ కలిపిన పాత్రని చూశాను. యాస అంటే వంకర అక్షరాలు కాదు. వాక్యం ఎక్కడ మొదలుపెడతాడు, ఏది చెప్పకుండా మింగేస్తాడు, పెద్దవాళ్ల ముందు గొంతు ఎట్లా మారుస్తాడు, తల్లిని ఏమని పిలుస్తాడు. మా గుంటూరు వైపు అవ్వ అంటే ముసలమ్మ. తెలంగాణలో ఎన్నో ఇళ్లలో అవ్వ అంటే కన్నతల్లి. ఇది తెలియకుండా రాసిన కథలో వరంగల్లు కుర్రాడు అవ్వ చచ్చిపోతే తాపీగా సెలవు చీటీ రాసుకుంటూ కూర్చున్నాడు. రచయిత దృష్టిలో అది నాయనమ్మ. చదివేవాడి దృష్టిలో వాడికి తల్లి పోయింది.

మనుషులంతా ఒకటే కదండీ, ఊహించుకుంటే చాలదా అంటారు. సగమే నిజం. ప్రేమ, ఆకలి, భయం అందరికీ ఉంటాయి, ఒప్పుకుంటాను. తేడా ఎక్కడుందంటే, మనకి పట్టనవసరం లేనిది ఎదుటి మనిషికి పొద్దున లేచిన దగ్గర్నుంచీ పట్టుకునే ఉంటుంది. విజయవాడలో అద్దెకి ఇల్లు వెతుక్కోవడమే తీసుకోండి. ఇంటావిడ మంచినీళ్లిచ్చి, "మీరేమిట్లు?" అని కులం అడుగుతుంది. కొందరం ఆ ప్రశ్నకి జవాబు చెప్పేసి, కుళాయి నీళ్లు ఎన్ని గంటలకొస్తాయని అడుగుతాం. ఇంకొకాయన ఆ ప్రశ్న వస్తుందని గేటు బయటే తెలిసి, ఏం చెప్పాలో ముందే అనుకుని, పెళ్లాం వైపు ఒకసారి చూసి లోపలికొస్తాడు. పిల్లాడి పేరు ఎవరి ముందు ఎట్లా పిలవాలో కూడా ఆలోచించుకుని వస్తాడు. పెళ్లాం వైపు చూసిన ఆ చూపు మన ఊహకి అందదు, ఎందుకంటే మనకి ఎప్పుడూ అట్లా చూడాల్సిన పని పడలేదు. అడిగి తెలుసుకోవాల్సిందే. లేదా వాళ్లు రాసింది చదివి తెలుసుకోవాల్సిందే.

మొన్నామధ్య హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి ఒక కథ పంపింది. పోచంపల్లి చేనేత కుటుంబం. తల్లి మగ్గం మీద కూర్చుని కన్నీళ్లతో నేస్తోంది, నూలు తడిసిపోతోంది. ఫోన్ చేశాను. "ఆ బాధ ఎంతో ఫీలై రాశాను సార్" అంది. ఫీలవడం నేను కాదనను. "అమ్మా, ఆ ఇంట్లో ఆసు ఎవరు పోస్తారు?" అని అడిగాను. ఆసు అంటే ఏమిటి సార్ అంది. పోచంపల్లి ఆ అమ్మాయి ఉండే చోటికి యాభై కిలోమీటర్లు కూడా ఉండదు.

ఆసు పోయడం తెలియని పోచంపల్లి కథ ఉండదు. అద్దకానికి ముందు పట్టుపోగుని అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ వరసగా తిప్పాలి. ఒక చెయ్యి అటూ ఇటూ, అటూ ఇటూ ఆడుతూనే ఉండాలి. ఒక్క చీరకి నాలుగైదు గంటలు, చెయ్యి వేలసార్లు ఆడాలి. ఆ పని ఇళ్లలో ఆడవాళ్లదే. భుజం కీలు పోతుంది, మోచెయ్యి పోతుంది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే నేతకారుడి కొడుకు, తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే యాతన చూడలేక, పెద్ద చదువు లేకుండానే ఏళ్లపాటు కిందామీదా పడి 1999లో ఆసు మిషను తయారుచేశాడు. తల్లి పేరే దానికి పెట్టాడు. ఆ మిషను మీద అదే పని గంటన్నరలో అవుతుంది. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితం మీద సినిమా కూడా వచ్చింది.

"నీ కథలో ఇంట్లో ఆసు మిషను ఉందా, చేత్తో పోస్తున్నారా? ఆ ఒక్కటి తేల్చుకో. ఆ ఇంట్లో డబ్బు ఎంతుందో, తల్లి ఏ భుజం పైకెత్తలేదో, జడ ఎవరేస్తారో, పక్కింట్లో మిషను చప్పుడు వింటే ఆవిడకి ఏమనిపిస్తుందో అన్నీ దాన్నుంచే వస్తాయి" అన్నాను. చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఆ ఆదివారమే బస్సెక్కి వెళ్లింది. ఒక ముసలావిడ ఈ అమ్మాయి అరచేతులు పట్టుకుని తిప్పి చూసి, "గీ మెత్తని చేతులతోని ఏం పని జేస్తవ్ బిడ్డా?" అని అడిగిందట. కంప్యూటరు పని అని చెబితే, "గా పనికి మెడలు గుంజుతయంట గదా" అని ఈ అమ్మాయి మీదే జాలిపడిందట. రెండోసారి పంపిన కథలో కన్నీళ్లు లేవు. తల్లి షావుకారుతో మజూరీ దగ్గర గీచి గీచి బేరమాడుతోంది, కోడలి మీద సణుగుతోంది, ఎడం చేత్తో గరిటె తిప్పుతోంది. ఎందుకు ఎడం చెయ్యో కథలో ఎక్కడా చెప్పలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ అమ్మాయి వెళ్లింది కాబట్టి చెబుతున్నాను, వెళ్లడం ఇప్పుడు ఎంత తేలికో చూడండి. మా రోజుల్లో ఒక ఊరు చూడాలంటే సెలవు పెట్టాలి, తెలిసినవాళ్లకి ముందు కార్డు రాయాలి, ఎర్రబస్సు దొరకాలి. ఇప్పుడు చేతిలో ఫోనుంది. కళ్లు కనపడని పాత్రని రాస్తున్నారనుకోండి. పాత కథల్లో గుడ్డివాడంటే రైల్లో పాటలు పాడాలి, అడుగుల చప్పుడు విని మనిషిని పోల్చుకోవాలి. ఇవాళ బ్యాంకులో, బడిలో ఉద్యోగం చేస్తున్న అంధులు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల ఫోను తెరమీది అక్షరాలు చదివి వినిపిస్తుంది. ఎంత వేగంగా చదివిస్తారంటే పక్కన కూర్చున్న మనకి ఒక్క ముక్క అర్థం కాదు. 2016 తరవాత కొత్త నోట్లు పాతవాటి కంటే చిన్నవైపోయాయి, వేళ్లతో కొలిచి పోల్చుకునే అలవాటంతా తారుమారైంది. నోటు ఎంతదో చెప్పడానికి రిజర్వు బ్యాంకు 2020లో మణి అనే యాప్ తెచ్చింది. కూరగాయల బజారులో చిల్లర తీసుకున్నప్పుడు ఆ మనిషి ఫోను తీసి యాప్‌లో చూస్తాడా, బండివాణ్ణి నమ్మి జేబులో పెట్టుకుంటాడా? ఎవరి బండి దగ్గర నమ్ముతాడు, ఎవరి దగ్గర నమ్మడు? ఒక మంచి కథ అక్కడే ఉంది. ఒక్క ఫోను చేసి, మర్యాదగా అడిగి, చెప్పింది విని రాసుకోవడానికి ఏం కష్టం? అడిగితే చెప్పనివాళ్లు నాకింతవరకూ తగల్లేదు. తమ పని గురించి మనస్ఫూర్తిగా అడిగితే మనిషి టీ ఇప్పించి మరీ చెబుతాడు. అసహ్యించుకునేది, ముందే కథ రాసేసుకుని వాళ్ల కన్నీళ్ల కోసం మాత్రమే వచ్చేవాళ్లని.

రాశాక కూడా పని మిగిలే ఉంటుంది. మా రోజుల్లో ఒక పెద్దాయన, చాలా కథలు రాసినవాడు, రిక్షావాళ్ల మీద కథ రాసి రిక్షా స్టాండులోనే చదివి వినిపించేవాడు. ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వకపోతే ఆ పేరా కొట్టేసేవాడు. వాళ్లు, "ఎత్తు ఎక్కేటప్పుడు ఎవడూ మాటాడడండి, ఊపిరెక్కడిది?" అంటే, ఇంటికెళ్లి ఎంతో ముచ్చటపడి రాసుకున్న సంభాషణంతా తీసేశాడు. నాకు చూపించాడు ఆ కొట్టివేతలు. ఇవాళ్టి పిల్లలు రచయితల వాట్సాప్ గ్రూపులో పెట్టి, అద్భుతం అనిపించుకుని, పోటీకి పంపేస్తున్నారు. ఆ గ్రూపులో రిక్షా తొక్కినవాడు ఒక్కడూ లేడు.

పత్రికల వాళ్లకీ, పోటీలు పెట్టే సంఘాల వాళ్లకీ ఒక మాట. ఏటేటా బహుమతి సొమ్ము పెంచుతున్నారు, సంతోషం. ఆ సొమ్ములో కొంత ముందే తీసి, ఏం రాయదలుచుకున్నారో ఒక పేజీలో చెప్పిన కుర్రాళ్లకి దారి ఖర్చులకి ఇవ్వండి. మత్స్యకారుల మీద రాస్తానన్నవాణ్ణి నెలరోజులు భీమిలి పంపండి, బొగ్గుగని మీద రాస్తానన్న అమ్మాయిని గోదావరిఖని పంపండి. కథ వచ్చాక, మాలాంటి ముసలివాళ్లతో పాటు ఆ ఒడ్డున వలలేసేవాణ్ణి ఒకణ్ణి, ఆ గనిలో దిగేవాణ్ణి ఒకణ్ణి న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టండి. మాకిచ్చే పారితోషికమే వాళ్లకీ ఇవ్వండి. చదవడం రానివాళ్లయితే కథ నేను చదివి వినిపిస్తాను; నా గొంతు ఇంకా బాగానే ఉంది.